చీలమండ లోతు

పంతొమ్మిది సెకన్లే.
నడి వశిష్ఠలో ఒక మనిషి
భుజాన పొడుగాటి కర్రతో
నీళ్ల మీద నడిచి వెళ్తున్నాడు.
పంటు మీంచి ఎవరో "ఓరి నాయనో" అంటారు.
అక్కడితో ఆగిపోతుంది.

తెల్లారేసరికి రాజోలంతా అదే.
పాలకేంద్రం దగ్గర కొందరు ఫోనుకే దండం పెట్టారు.
చర్చి మెట్ల మీద ఒకాయన
పేతురు మునిగింది అనుమానం వల్లేనని గుర్తు చేశాడు.
మిగతా ఊరు నా షాపుకొచ్చింది,
పగిలిన అద్దాలు మార్చేవాడికి
లోపలి బొమ్మల గుట్టు తెలియదా అని.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.
ఇలాంటివి చాలా చూశాను మరి.
ఆరువేళ్ల చేతులు, రెప్పలాడని ముఖాలు,
గాలి ఒకవైపుకీ కొబ్బరాకులు ఇంకోవైపుకీ పోయేవి.
ఆపాను. పెద్దది చేశాను. అంగుళం అంగుళం జరిపాను.
"పాదం దగ్గర చూడండి, నీళ్లు అలుక్కుపోయాయి.
నీడ తెగింది. ఇది మిషను గీసిన మనిషి."
నలుగురూ తలూపారు. టీ కూడా వాళ్లే చెప్పారు.

పని నేర్చుకునే జాషువా మాత్రం
"కర్ర చివర్నుంచి నీళ్లు కారుతున్నాయి కదా సార్" అన్నాడు.
కిందపడ్డ స్క్రూలు ఏరమన్నాను వాణ్ణి.

ఆదివారం నరసాపురంలో పెళ్లి.
సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే
పక్కనే వీరమణి, ఎండుచేపల గంప దించుకుని
పైటతో మెడ తుడుచుకుంటోంది.
నవ్వుకుందామని ఫోను చూపించాను.
ఆమె మనిషిని చూడలేదు.
నీళ్లని చూసింది.

"ఇది పాడ్యమి నాటిదండి. లేపోతే విదియ."

తేదీ ఎక్కడా లేదే అన్నాను.

"ఆ నావ చూడండి, లంగరేసుంది. ముక్కు ఎగువకి తిరిగింది.
ఆటు లాగేత్తంది.
గుంజలకి తడి మొలెత్తున ఉందా,
అంత నీరు దిగిందంటే అమాస దాటిన ఆటే.
ఎండ నరసాపురం గట్టు మీంచి కొడతంది, నాలుగున్నరై ఉంటది.
మొన్న వరదకి అక్కడ కొత్త మేటేసింది కదండీ.
కిందంతా ఇసకే. చీలమండ లోతు.
ఆడు మా నాగిడండి.
మేట ఏ పక్కకి జరిగిందో చూసి
వెదురు గెడ పాతేత్తాడు,
పంటు ఎక్కెయ్యకుండా."

మరి మిగతాది?

"మా చిన్నోడి ఫోనులో ఉంది. ఎవడు కోసేడో ఏటో."

ఇరవయ్యో సెకనులో నాగిడి ఇంకో అడుగేశాడు,
గుండెల దాకా దిగిపోయాడు.
ఉమ్ముకుంటూ, నవ్వుకుంటూ, ఎవరి తల్లినో తిడుతూ
సరిగ్గా ఆ అంచునే
గెడ పాతాడు.

పంటు కదిలింది.
నది మధ్యలో వంకరగా నిలబడ్డ వెదురు,
దానికి ఎరువుల సంచి ముక్క ఒకటి రెపరెపలాడుతూ.
సరంగు బీడీ ముట్టించుకుంటూనే
చుక్కాని అటు తిప్పాడు.
మా కాళ్ల కింద, పడవల్నీ బైకుల్నీ పెళ్లివాళ్లనీ
ఆ గెడే పక్కకు తప్పించింది.
నేను తీర్పిచ్చిన మనిషి పాతిన గెడ.

తిరిగొచ్చి అందరికీ చెప్పాను.
దండం పెట్టినవాళ్ల ముఖాలు చిన్నబోయాయి.
నవ్వినవాళ్లవీ చిన్నబోయాయి.
మహిమా కాదు, మోసమూ కాదు,
ఇసక మేట అంటే
ఎవరు మాత్రం ఇంకొకరికి పంపుతారు?
జాషువాకి చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.
"నువ్వన్నదే రా" అన్నాను, స్క్రూలు నేనే ఏరుతూ.
వాడు విననట్టే ఊరుకున్నాడు. పెద్దమనిషి.

ఇవాళ పొద్దున్న మళ్లీ వచ్చారు.
యానాం దగ్గర ఏటి నీళ్లు వెనక్కి పారుతున్నాయట,
చూసి చెప్పు, నిజమా అబద్ధమా అంటూ
అయిదారుగురు, కౌంటరు మీదికి వంగి.

కళ్లజోడు జేబులోనే ఉంచాను.
"ఆవేళ తిథేంటో
ముందు కనుక్కు రండి" అన్నాను.